నాలుగో గది తాళంచెవి

జూలై 17, 2001, మంగళవారం

ఈ నోటుబుక్కు కొత్త మాటలు రాసుకోవడానికి కొన్నాను. మొదటి పేజీలో పదహారు మాటలున్నాయి. ఆ పని ఇక ఆపేస్తున్నాను.

మధ్యాహ్నం మా శరణాలయం కమిటీ కూర్చుంది. ఇక్కడ వంట అమ్మదే, నేను మజ్జిగ గ్లాసులు పట్టుకెళ్ళాను. వెంకటపతిరాజుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితం దూరంగా పట్టుకుని చదువుతున్నారు. "చిట్టియ్య నేడు ఎవరి చేయూతా అక్కరలేని స్వతంత్రుడు." చదివి, కాగితం బల్ల మీద పెట్టి, "చాలా సంతోషం ఏసుపాదంగారూ. చేయూత అక్కరలేనప్పుడు మరి గది ఎందుకండీ?" అన్నారు.

ఆ వాక్యం నాది.

వార్డెన్ ఏసుపాదంగారు ఏదో చెప్పారు. రాజుగారు ఓపిగ్గానే విన్నారు. ఈ స్థలం ఇచ్చింది ఆయనే, చెడ్డవారేమీ కాదు. "ఉన్నవి ఆరు గదులండీ. చూపులేని ఆ బంగారమ్మ కొవ్వూరు స్టేషన్లో వానకి తడుస్తోంది. బాగుపడినవాడు లేస్తే బాగులేనివాళ్ళు కూర్చుంటారు. ఇందులో అన్యాయం ఏముందో చెప్పండి."

ఆగస్టు నెలాఖరుకి నాలుగో గది ఖాళీ చెయ్యాలని రాసుకున్నారు.

కిటికీ తెరిచే ఉంది. చిట్టియ్య బాబాయి దాని కిందే తన గులాబీ కుండీ దగ్గర కూర్చుని ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. నేను గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను.

జూలై 18

నేను కావాలని రాయలేదు. హైదరాబాదు సంస్థవాళ్ళు ఒక ఫారం పంపారు. మా ఆరు గదులకి బియ్యం, మందులు వాళ్ళిస్తారు. అందులో ఒక్కొక్కరి గురించీ నాలుగేసి వాక్యాలు రాయాలి. ఏసుపాదంగారు, "సారికా, నువ్వు బాగా రాస్తావు కదమ్మా" అన్నారు. కాలేజీలో రమేష్ బాబు మాస్టారు నా వ్యాసం క్లాసంతటికీ చదివి వినిపించిన వారం అది. కాలేజీ నుంచి వచ్చి, మా ముందుగదిలో కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని రాశాను. "స్వతంత్రుడు" అన్న మాట పడగానే గట్టిగా మూడుసార్లు చదువుకున్నాను.

రాసినదాంట్లో అబద్ధం లేదు. పద్నాలుగు నెలలుగా బాబాయికి మూర్ఛ రాలేదు.

రాయనిది ఇది. బాబాయి కడియం నర్సరీల్లో గులాబీ అంట్లు కట్టేవాడు. ఆకులు తగలబెడుతుంటే మూర్ఛ వచ్చి మంటలో పడ్డాడు. ఎడమచేతి వేళ్ళు కాలి అతుక్కుపోయాయి. పనిలోంచి తీసేశారు, ఇంట్లోంచీ పంపేశారు. ఐదేళ్ళు రాజమండ్రి కోటిలింగాల రేవులో ఉన్నాడు. రెండుసార్లు మెట్ల మీద మూర్ఛ వచ్చి గోదావరిలోకి దొర్లిపోతే పడవవాళ్ళు లాగారు. ఇక్కడికి వచ్చాక పొద్దున్నా సాయంత్రం అమ్మ మాత్ర చేతిలో పెడుతుంది. మింగి, నోరు తెరిచి నాలుక చూపిస్తాడు. "ఆఁ, వెళ్ళు అన్నయ్యా" అంటుంది అమ్మ. నాకు బాబాయి, అమ్మకి అన్నయ్య, ఇక్కడ వరసలు ఎవరూ చూసుకోరు. అంతే. అది జరగబట్టే పద్నాలుగు నెలలు.

నాలుకల గురించి రాస్తే వ్యాసం బాగోదనిపించింది. రేపు ఏసుపాదంగారికి చెప్పాలి.

జూలై 19

చెప్పలేదు.

జూలై 22, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక ఏసుపాదంగారు వరండాలో అందరి ముందూ చెప్పారు. విడిగా పిలిచి చెబితే బాగుండేది. ఆయనకీ భయమేసి ఉంటుంది.

బాబాయి చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. "బాగుపడితే పంపేత్తారాండి?"

"పంపెయ్యడం కాదు చిట్టియ్యా. కడియంలో పని చూస్తాను. షెడ్డులో పడుకోనిస్తారు."

"ఆయ్. అక్కడ మాత్రలెవరిత్తారండి?"

"నువ్వే వేసుకోవాలి."

"నాకు పొద్దు గుర్తుండదు కదండి. ఏసుకున్నానో లేదో కూడా గుర్తుండదు."

ఏసుపాదంగారు నేల చూశారు. బాబాయి మొలతాడు తడుముకుని, "తాళంచెవి కూడా ఇచ్చెయ్యాలాండి?" అన్నాడు.

ఆ తాళంచెవి సంగతి మా అందరికీ తెలుసు. వచ్చిన కొత్తలో నెల రోజులు బాబాయి గదికి తాళం వేసి, బయట గుమ్మంలో పడుకున్నాడు. గది అంటే కాపలా కాసేది అనుకున్నాడు. లోపల పడుకోవచ్చని అమ్మ చెప్పి చెప్పి ఒప్పించింది. ఇప్పటికీ పంపు దగ్గరికి వెళ్ళాలన్నా తాళం వేసే వెళ్తాడు.

పోలియో తాతాజీ మావయ్య చక్రాల పీట మీద ముందుకి జరిగి, మామూలుగా అందరినీ ఏడిపించినట్టే, "నీది బాగుపడే జబ్బురా, అదే నీ ఖర్మ. నా కాళ్ళు చూడు, బంగారం లాంటి కాళ్ళు. ఈ జన్మకి బాగవ్వవు. నా గది జోలికి ఎవడొత్తాడు?" అన్నాడు.

అందరూ నవ్వారు. బాబాయి కాసేపు ఆలోచించి, అందరి తర్వాత నవ్వాడు.

జూలై 26

బస్సు వంతెన మీద ఆగిపోయింది. కింద గోదావరి ఎర్రగా, వెడల్పుగా ఉంది. పోలవరం పైన వానలట. చెట్టు మొద్దులు కొట్టుకొస్తున్నాయి. ఒక మొద్దు మునిగింది. ఎక్కడ తేలుతుందోనని చూస్తూ ఉన్నాను, తేలకముందే బస్సు కదిలింది.

ఏమని చెప్పాలో బస్సులో కూర్చుని తయారు చేసుకున్నాను. "ఏసుపాదంగారూ, ఆ కాగితంలో కొంచెం ఎక్కువ రాశానండి." అది చాలు. ఇంటికొచ్చేసరికి ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నారు. తర్వాత యూనిట్ టెస్టుకి చదువుకున్నాను.

బాబాయి మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. కుండీలో కొత్త అంటు కట్టాడు. కాలిన చెయ్యి అడ్డం పెట్టి, కుడిచేత్తో, పళ్ళతో ప్లాస్టిక్ పట్టీ బిగించాడు. నేను అనవసరంగా భయపడుతున్నానేమో. కడియం వెళ్ళడం ఆయనకి ఇష్టమేనేమో.

జూలై 29, ఆదివారం

రాయాలో వద్దో తెలియడం లేదు.

ఉదయం కుండీకి నీళ్ళు పోశాను. మట్టి పైకి తెల్లగా ఏదో తేలింది. సున్నం అనుకుని వేలితో తీశాను. సగం కరిగిన మాత్ర. కింద ఇంకొకటి. వేలు పెట్టిన చోటల్లా ఉన్నాయి.

వెనక నుంచి బాబాయి వచ్చాడు. అరవలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, వాటిని మళ్ళీ మట్టిలోకి నొక్కాడు.

"దవడలో పెట్టుకుంటానండి. అమ్మగారు నాలికే చూత్తారు."

"ఎందుకు బాబాయ్?"

"జబ్బు తిరిగొత్తే గది ఉంటాది కదండి. తాతాజీ అన్నది అబద్ధమా?"

పదహారు కొత్త మాటలు రాసుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒక్కసారి రావాలండి. కమిటీ ఓళ్ళు చూడాలి. చూసినాక మళ్ళీ ఏసుకుంటాను. మీ అమ్మగారికి చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను." అని నిజంగానే పెట్టాడు, ఆ అతుక్కుపోయిన వేళ్ళతో. "నాకు బాగోలేదని ఓ కాగితం కూడా రాసిపెట్టండి సారికమ్మా. మీరు బాగా రాత్తారు కదా."

చెప్పనన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన చేతులు దింపాలని అన్నాను. చెబితే అసలు ఇదంతా ఎందుకొచ్చిందని అమ్మ అడుగుతుంది, అందుకు కూడా అన్నాను.

ఒకటి రెండు రోజుల్లో ఏమీ కాదు. పద్నాలుగు నెలల మందు ఒంట్లో ఉంటుంది కదా.

జూలై 30

ఏమీ కాలేదు.

జూలై 31

ఏమీ కాలేదు. అన్నం తినేటప్పుడు బాబాయి చేతిలో గ్లాసు ఒకసారి అదిరింది. ఊరికే అదిరి ఉంటుంది.

ఆగస్టు 1

రేపు యూనిట్ టెస్టు. అది అవగానే అమ్మకి చెబుతాను. ఒట్టు వేసి రాస్తున్నాను.

ఆగస్టు 3, శుక్రవారం

నిన్న పరీక్ష రాయలేదు.

తెల్లవారి ఆరున్నరకి పంపు దగ్గర పళ్ళు తోముకుంటుంటే చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు తడుతున్నట్టు. లోపలి నుంచి. ఒకే తీరుగా, ఆగకుండా. మనిషి తట్టే చప్పుడు కాదది. నాకు వెంటనే తెలిసిపోయింది. తెలిసి కూడా బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాక నాకు కాళ్ళు కదిలాయి.

నాలుగో గది లోపల గడియ వేసి ఉంది. రాత్రి నిద్రపోతుంటే గది తీసేసుకుంటారేమోనని ఈ మధ్య గడియ వేసుకుంటున్నాడని తాతాజీ మావయ్య అప్పుడు చెప్పాడు. అమ్మ, ఏసుపాదంగారు రోకలితో తలుపు పగలగొట్టారు. ఒక్కో దెబ్బకీ లోపలి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఆగినప్పుడే ఎక్కువ భయం వేసింది.

కళ్ళు తెల్లగా. నోటి పక్కన నెత్తురు. మడమలు తలుపుకి కొట్టుకుని తోలు లేచిపోయాయి. తగ్గింది అనుకునేలోపు మళ్ళీ వచ్చింది. ఆటోలో రెండుసార్లు వచ్చింది. తల నా ఒళ్ళో పెట్టారు. తల అంత బరువుంటుందని నాకు తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "మాత్రలు మానేశాడా?" అని అడిగింది.

అమ్మ, "లేదండి. రెండు పూటలా నా చేత్తోనే ఇస్తున్నాను" అంది.

"సరిగ్గా ఇస్తే ఇలా ఒకదాని మీద ఒకటి రావు కదమ్మా" అంటూ డాక్టరమ్మ అమ్మ వంక అదోలా చూసింది. మా అమ్మ అన్నం వార్చి గంజి గిన్నె మీద మూత పెట్టిందో లేదో మూడుసార్లు చూసుకునే మనిషి. తల దించుకుంది.

అప్పుడు చెప్పాను. మాత్రల సంగతి, కుండీ సంగతి. ఆపకుండా కాగితం సంగతి కూడా చెప్పేశాను. డాక్టరమ్మకి అది అక్కరలేదు. విన్నంతవరకూ విని సూది తేవడానికి వెళ్ళిపోయింది.

అమ్మ, "ఎప్పట్నించి తెలుసు?" అంది.

"ఆదివారం నించి."

అమ్మ బాబాయి మంచం వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆగస్టు 4

స్పృహ రాలేదు.

ఆగస్టు 5, ఆదివారం

స్పృహ రాలేదు. చర్చిలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మూస్తే తలుపు చప్పుడు వినిపిస్తోంది.

ఆగస్టు 6

సాయంత్రం కళ్ళు తెరిచాడు. మొదట మొలతాడు తడుముకున్నాడు. ఆసుపత్రివాళ్ళు బట్టలు మార్చినప్పుడు తాళంచెవి తీసి అమ్మకిచ్చారు. అమ్మ దాన్ని చేతిలో పెట్టింది. మాత్ర పెట్టినట్టే పెట్టింది. పట్టుకుని మళ్ళీ నిద్రపోయాడు.

ఆగస్టు 8

అమ్మ ఇడ్లీ తేవడానికి వెళ్ళినప్పుడు ఆయనకి చెప్పాను. "బాబాయ్, ఆ కాగితం రాసింది నేనే."

"తెలుసండి."

"ఎప్పుడు తెలిసింది?"

"రాజుగారు సదివినప్పుడే. కిటికీ కాడ ఉన్నాను కదా. మా ఆరు గదుల్లో అట్టా రాసేవోళ్ళు ఇంకెవరున్నారండి, తాతాజీ రాత్తాడా?" నవ్వబోతే కొరుక్కున్న నాలుక నొప్పి పెట్టినట్టుంది, ఆపేశాడు.

"మరి నన్నేమీ అనలేదేం?"

"నా గురించి అంత మంచిగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదండి. ఇంకోపాలి సదివించుకుందామనుకున్నాను. అడగడానికి సిగ్గేసింది."

బయటికి వచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. అమ్మ వచ్చింది. ఇడ్లీ పొట్లం నా చేతికిచ్చి, మొహం తన కొంగుతో తుడిచింది. రెండో తారీకు తర్వాత అమ్మ నన్ను ముట్టుకోవడం ఇదే.

ఆగస్టు 12

బాబాయి గురించి కొత్త కాగితం పదకొండుసార్లు రాసి చింపాను. ప్రతిసారీ ఏదో ఒక అందమైన మాట వచ్చి కూర్చుంటోంది. అది కనిపించగానే భయం వేస్తోంది.

ఆగస్టు 14, మంగళవారం

కమిటీ. ఏసుపాదంగారు జరిగింది చెప్పారు. రాజుగారి మొహం పాలిపోయింది. "అయ్యో. అంటే జబ్బు నయం కాలేదన్నమాట. అయితే ఉండనివ్వండి పాపం" అన్నారు.

అక్కడితో ఊరుకోవచ్చు. గది ఉంటుంది. ఎవరూ నన్ను ఏమీ అడగరు. కానీ మళ్ళీ పద్నాలుగు నెలలు మూర్ఛ రాకపోతే అప్పుడేంటి? బాబాయి మళ్ళీ కుండీలో పాతుతాడు. అది తట్టుకోలేక లేచాను. చదివాను.

"చిట్టియ్యకి మూర్ఛ ఉంది. మాత్రలు వేసుకుంటే రాదు. రోజూ రెండు పూటలా ఎవరైనా చేతిలో పెడితేనే వేసుకోగలడు. ఈ గదిలో ఉంటే ఎవరైనా చేతిలో పెడతారు. బయట పెట్టరు. ఆయన బాగున్నాడంటే గది అక్కరలేదని కాదు. గది ఉంది కాబట్టి బాగున్నాడు. ఇంతకుముందు కాగితం నేనే రాశాను. తప్పు రాశాను. గది పోతుందని తెలిసి ఆయన మాత్రలు మానేశాడు. అది నాకు తెలిసి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు."

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ మొదటి కాగితమే చదవడానికి బాగుందమ్మా" అన్నారు. వెక్కిరించారో నిజంగా అన్నారో తెలియలేదు. "సరే. మరి బంగారమ్మ సంగతేంటి? ఆవిడా మనిషే కదా. ఆవిడకి నువ్వేం చెబుతావు?"

ఆవిడ గురించి ఈ నోటుబుక్కులో ఇన్ని పేజీల్లో ఒక్కసారి రాశాను. రోజూ స్టేషన్ ముందు నుంచే బస్సులో వెళ్తాను.

గుమ్మం దగ్గర నుంచి అమ్మ అంది. "మా ముందుగదిలో ఇద్దరమే ఉంటున్నామండి. మూడో చాప పడుతుంది. తమరు ఏడో గది కట్టేదాకా."

అమ్మ కమిటీ ముందు మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

వరండాలోంచి తాతాజీ మావయ్య గొంతు వినిపించింది. వినడం లేదన్నట్టు అటు తిరిగి కూర్చుని అరిచాడు. "తాళాలిచ్చిన రోజున తమరే అన్నారండి రాజుగారూ, బతికున్నంత కాలం మీవే అని. ఇంకా బతికే ఉన్నామండి, ఆయ్."

రాజుగారు నవ్వలేదు. "అన్నాను" అన్నారు నెమ్మదిగా. ఫారం నా వైపు తిప్పారు. "ఇదిగో ఇక్కడో గడి ఉందమ్మా. కోలుకుని వెళ్ళినవారు ఎందరు అని. మూడేళ్ళుగా సున్నా వేస్తూ సిగ్గుపడుతున్నాం. హైదరాబాదువాళ్ళు అడుగుతారు. ఏం రాయమంటావు?"

"ఎవరూ వెళ్ళలేదు, అందరూ ఉన్నారు అని రాయండి."

ఆయన కలం నాకే ఇచ్చారు. రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. దిద్దలేదు.

ఆగస్టు 19

బాబాయి వచ్చాడు. తలుపుకి కొత్త గడియ, బయట నుంచి కూడా తీయొచ్చు. అది ఆయనకి నచ్చలేదు. చాలాసేపు వేసి తీసి చూశాడు. తర్వాత కొత్త తాళానికి వచ్చిన రెండో తాళంచెవి తనే పట్టుకెళ్ళి, "మీ దగ్గర ఉంచండి" అని అమ్మకిచ్చాడు.

ఇప్పుడు అమ్మ నాలుకతో ఊరుకోవడం లేదు. "దవడ" అంటుంది. బాబాయి వేలితో బుగ్గ లాగి చూపిస్తాడు. ఇద్దరికీ నవ్వొస్తుంది. నాకు రాదు.

బంగారమ్మగారు నిన్న వచ్చింది. నా బల్ల వరండాలోకి వెళ్ళింది. ఆవిడ పడుకునేటప్పుడు మూట తల కింద కాదు, కాళ్ళకి కట్టుకుని పడుకుంటుంది. ఎవరైనా లాగితే తెలియడానికట.

ఆగస్టు 27

రోజూ కాలేజీకి వెళ్ళేముందు కుండీలో మట్టి తవ్వి చూస్తున్నాను. ఏమీ ఉండటం లేదు. ఏమీ లేదని చూసి బస్సెక్కుతాను. వంతెన దాటేసరికి మళ్ళీ భయం మొదలవుతుంది. సరిగ్గా చూడలేదేమో, లోతుగా పెట్టాడేమో.

సెప్టెంబరు 2, ఆదివారం

ఈ ఉదయం దొరికిపోయాను. మట్టిలో రెండు వేళ్ళు ఉండగా బాబాయి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏంటి సారికమ్మా, రోజూ వేళ్ళు కెలికితే మొక్క బతుకుద్దా?"

నేను చెయ్యి తీసేశాను. అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేదు. "భయమేసి చూస్తున్నాను బాబాయ్."

ఆయన అంటు కట్టిన చోట ప్లాస్టిక్ పట్టీ మీద వేలు ఆనించాడు, నొక్కకుండా. "కడియంలో కొత్త కుర్రాళ్ళు ఇట్టాగే చేసేవోళ్ళండి. అతుక్కుందా లేదా అని కట్టు విప్పి చూసేవోళ్ళు. విప్పి చూసిన అంటు అతుక్కోదు."

"మరి ఎలా తెలుస్తుంది?"

"చిగురేత్తే తెలుత్తాది. ఎండిపోతే తెలుత్తాది. మద్దెలో భయపడాలంతే."

లోపల నుంచి అమ్మ "అన్నయ్యా, మాత్ర" అని పిలిచింది. ఆయన లేచి, పది అడుగులు వెళ్ళడానికి గదికి తాళం వేసి, వెళ్ళాడు. వంటింటి తలుపు చాటున నోరు తెరిచాడో, బుగ్గ లాగి చూపించాడో నాకు కనిపించలేదు.

కుండీ నా ముందే ఉంది. మట్టి తడిగా, వదులుగా ఉంది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని, భయపడుతూ కూర్చున్నాను.